కథానికలో ప్రతీకయు పాత్రచిత్రణమును : ఉత్తరాంధ్ర కథలపై నొక పరిశీలనము

కథానికను పాఠముగా చెప్పునపుడు నేడు తఱచుగా వినబడు మాట ‘ప్రతీక’. ఈ కథలో వర్షము దేనికి ప్రతీక, ఈ దీపము దేనికి ప్రతీక అని ప్రశ్నపత్రములు అడుగుచున్నవి. సమాధానములును ఆ తీరుననే వచ్చుచున్నవి. దీపము జ్ఞానమునకు, చీకటి అజ్ఞానమునకు, నది కాలమునకు, అంధత్వము అవివేకమునకు. ఒక కథకు వ్రాసిన సమాధానమును పెఱికి మఱియొక కథలో నాటినను అది వాడిపోదు. అదియే దాని దోషము. పాత్రచిత్రణము వేఱొక ప్రశ్న. దానికి సమాధానము గుణముల పట్టిక: ఇతడు ఉదారుడు, ఆమె సహనశీల, వడ్డీవ్యాపారి లోభి. ఈ రెండు సమాధానములకును నడుమ విద్యార్థి ఉత్తరపత్రములో కొంత చోటు ఖాళీగా విడుచును. కథలో మాత్రము అట్టి ఖాళీ లేదు.

వస్తువునకు ప్రతీకత్వము కథలోని మనుష్యుడు దానితో నడపు వ్యవహారమువలన కలుగునని మా యభిప్రాయము. ఆ వస్తువును ఎవరు కొనిరి, ఎవరు వాడిరి, ఎవరు అమ్మిరి, అది లేకున్న ఎవరికి పూట గడవదు అను ప్రశ్నలు ముందు. అది దేనిని సూచించుచున్నది అను ప్రశ్న తరువాత. ఈ క్రమము తప్పినచో ప్రతీక పొరపాటుగా తెలియుటయే గాక పాత్రయు చేయిజాఱిపోవును. దీనిని నిరూపించుటకు దూరము పోవలసిన పని లేదు. ఎచ్చెర్లలోని విశ్వవిద్యాలయమునకు పొరుగుననే లావేరు మండలము కలదు. అందలి మురపాకలో 1924లో కాళీపట్నం రామారావుగారు జన్మించిరి. విజయనగరమున గురజాడ అప్పారావుగారును, వారి తరువాతి తరమున చాగంటి సోమయాజులుగారును కథలు వ్రాసిరి. ఈ మువ్వురి కథలే ఇచ్చట మాకు ఆధారములు.

‘ప్రతీక’ అను మాట మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. అవయవము, భాగము అని దాని తొలి యర్థము. వేదాంతులు మనస్సును, ఆదిత్యుని బ్రహ్మముగా భావించి ఉపాసించుటను ప్రతీకోపాసన మనిరి. వ్యాఖ్యాతల వాడుక మఱియొకటి కలదు. వారు శ్లోకమునందలి తొలి పదమును మాత్రము పేర్కొని, దానిచే శ్లోకమంతయు గుర్తునకు తెచ్చెదరు. ఆ తొలి పదమునే ప్రతీక మందురు. ఈ వాడుక మాకు మిక్కిలి ఉపకరించుచున్నది. వ్యాఖ్యాత పేర్కొన్న పదము శ్లోకమునకు గుర్తే, కాని అది శ్లోకములోని పదము. బయటినుండి తెచ్చి అంటించిన చీటి కాదు. కథలోని ప్రతీకయు అట్లే కథాశరీరమున నొక భాగమై, అచ్చట తన పని తాను చేయుచు, ఆ పనివలననే మిగిలినదానిని తలపునకు తెచ్చును.

తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వనిని ప్రతిపాదించుచు చెప్పిన దీపశిఖ దృష్టాంతము మన అధ్యాపకు లందఱికిని తెలిసినదే. వెలుతురు కావలసినవాడు దీపశిఖను కాపాడుకొనును; వ్యంగ్యార్థము కావలసినవాడును వాచ్యార్థముపట్ల అంతటి శ్రద్ధ వహింపవలెను. కావ్యపాఠమున ఈ మాటను వల్లెవేయించెడి మనమే కథానిక దగ్గఱకు వచ్చునప్పటికి నూనెను, వత్తిని మఱచి వెలుతురును చేతితో పట్టబోవుచున్నాము.

ఒక చిన్న నిదర్శనము చూపెదము. కథలో ఒకడు ఖద్దరు ధరించినవా డని యున్నచో ఏ ప్రాంతపు పాఠకుడైనను గాంధీమహాత్ముని, జాతీయోద్యమమును స్మరించును. ఎచ్చెర్లకు పొరుగున పొందూరు కలదు. వాలుగ చేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, సన్నని నూలు వడికి ఖద్దరు నేయుట అచ్చట తరతరముల వృత్తి. ఆ పరిసరముల విద్యార్థికి ఖద్దరు ఆదర్శము మాత్రమే కాదు, కూలి కూడ. కట్టుకొన్నవానికి అది యొక అర్థము నిచ్చును. రాట్నము ముందు కూర్చుండినవారికి మఱియొక అర్థము నిచ్చును. ఈ రెండవ యర్థము ఇంట తెలిసిన విద్యార్థి తరగతిలో దానిని పైకి చెప్పుటకు జంకుచున్నాడు, అది సాహిత్యవిషయము కాదనుకొని. అతనిచే దానిని చెప్పించినచో కథాపాఠము సగము పూర్తియైనట్లే.

1910లో ‘ఆంధ్రభారతి’ యందు వెలువడిన గురజాడవారి ‘దిద్దుబాటు’ను గూర్చి ఇచ్చట రెండు మాటలే చెప్పెదము; దానిని గూర్చి ఇంతకుముందే చాల వ్రాయబడినది. సానిపాటకు పోయి అర్ధరాత్రి దాటిన తరువాత ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య కనబడదు, ఆమె వ్రాసిన లేఖ కనబడును. ఆ లేఖ స్త్రీవిద్యకు ప్రతీక యని వ్రాయుట సులభము. కాని ఆ లేఖ చేయు పని చూడవలెను. స్త్రీవిద్యను గూర్చి ఉపన్యాసములు చెప్పదగిన భర్తను, చదువుకొన్న భార్య అక్షరములతోనే నిలదీయుచున్నది. ‘దిద్దుట’ యనునది బడిమాట. ఓనమాలు దిద్దించువాడు గురువు. ఇచ్చట దిద్దించునది ఎవరు, దిద్దునది ఎవరు అను తాఱుమాఱే కమలిని పాత్ర. లేఖను వేఱుచేసినచో ఆమెను గూర్చి చెప్పుటకు మనకు మిగులునది మంచము క్రింది నవ్వు మాత్రమే. ఆ లేఖను చదివి కలవరపడు యజమానుని చెంత నున్న సేవకుని పేరు రాముడు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దీనితో ముందు పని కలదు.

చాసో యని ప్రసిద్ధులైన సోమయాజులుగారి (1915–1994) ‘వాయులీనం’ ఈ విషయమున మంచి పాఠము. రాజ్యము పుట్టినింట ఫిడేలు నేర్చినది. పెండ్లియై, బిడ్డల తల్లియై, సంసారపు పనులలో పడగా వాద్యము మూలబడినది. ఆమెకు పెద్దజబ్బు చేసినది. గుమాస్తా బ్రతుకునకు మందుల ఖర్చు అప్పుగా మిగిలినది. భర్త ఆ ఫిడేలును అమ్మి, వచ్చిన డబ్బులో ఆమెకు చీర తెచ్చును. కథ యింతే.

విద్యార్థులు దీనికి వ్రాయు వ్యాఖ్య నెఱుగుదుము: ఫిడేలు స్త్రీస్వేచ్ఛకు ప్రతీక, చీర దాస్యమునకు ప్రతీక, భర్త పురుషాహంకారమునకు ప్రతినిధి. ఈ మూడు వాక్యములలో మూడవది స్పష్టముగా అసత్యము. దానివలన మొదటి రెండును చెడిపోవుచున్నవి. భర్త దుర్మార్గుడు కాడు. భార్య బ్రతికినదని సంతోషించినవాడు. అమ్మినది తన విలాసమునకు కాదు. చీర తెచ్చునపుడు అతని మనస్సున నున్నది ప్రేమయే. అతని దోష మంతయు ఒక లెక్కలో నున్నది: వాయించని ఫిడేలు పనికిరాని వస్తువు, కట్టుకొనెడి చీర పనికివచ్చు వస్తువు. ఈ లెక్క సంసారపక్షముగా చాల సరియైనది. సరియైన లెక్క వేసిన మంచివాడు భార్యకు తీరని నష్టము చేయుటలో కథయొక్క దుఃఖ మున్నది. అతనిని దుష్టుని జేసినచో దుఃఖము తీసివేసి కోపము పెట్టిన వారమగుదుము.

ఇచ్చట కథాస్థలమును గూర్చి ఒక మాట. విజయనగరమున 1919లో సంగీతకళాశాల నెలకొనినది; ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట ఫిడేలు నేర్పి, తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులైరి. అట్టి ఊరి రచయిత వ్రాసిన కథలో ఫిడేలు ఏదో యొక అందమైన వస్తువుగా రాదు. అది సాధనతో వచ్చిన విద్య. కొన్ని సంవత్సరముల వ్రేళ్ళ శ్రమ అందులో దాగియున్నది. అందువలన అమ్ముడువోయినది కొయ్యపెట్టె కాదు. ఇంకను ‘వాయులీనము’ అను మాటను చూడుడు. పరభాషాపదమునకు ధ్వనిసామ్యముతో పండితులు కూర్చిన సంస్కృతరూప మది, వాడుకలో ఫిడేలే. రచయిత కావలెనని పండితుల మాటను శీర్షికగా తీసికొనెను. కథ ముగియునప్పటికి ఆ మాట తన అవయవార్థము నిచ్చును: గాలిలో కలిసిపోయినది. వాద్యముపేరే వాద్యముగతి యైనది. ఇట్టి శ్లేష ప్రతీకకు ప్రాణము. దానిని గుర్తించుటకు ముందు కథలో వస్తువు నిజముగా చేయిమాఱవలెను.

ఓ. హెన్రీ 1905లో వ్రాసిన ప్రసిద్ధకథతో దీనిని పోల్చి చూచుట తరగతిలో లాభకరము. అందు భార్య తన జుట్టు నమ్మి భర్త గడియారమునకు గొలుసు కొనును. భర్త తన గడియారము నమ్మి భార్య జుట్టునకు దువ్వెనలు కొనును. ఎవరి నిధిని వారే అమ్ముకొనిరి. అందుచే నష్టము త్యాగమైనది, పాఠకుడు కన్నీటితోనే నవ్వును. చాసో కథలో భర్త అమ్మినది తన నిధిని కాదు, ఆమె నిధిని. అమ్మినవాడు ఎవరు అను ఒక్క భేదముతో కథారస మంతయు మాఱినది. ప్రతీకవస్తువు నెవరు ముట్టుకొనిరో చూడుడని మేము చెప్పుట ఇందువలననే.

చాసోగారిదే ‘ఎంపు’ మఱింత కఠినమైన పరీక్ష. ముష్టివాండ్ర కథ యది. పిల్లకు కుంటివానిపై మనసు. తండ్రి గ్రుడ్డివానిని చేసికొమ్మనును. గ్రుడ్డివానికి ముష్టి యెక్కువ పడును, వానికి తోడుగా నడచినచో తిండికి లోటుండదు అని అతని వాదము. మన కావ్యములలో అంధత్వమునకు గల సాంకేతికార్థములను పట్టుకొని ఈ కథలోనికి ప్రవేశించినవాడు దారి తప్పును. ఇచ్చట అంధత్వము అవివేకము కాదు, అది పెట్టుబడి. కుంటితనము దానికన్న తక్కువ రాబడి నిచ్చు పెట్టుబడి. తండ్రి క్రూరుడా యన్నచో కాడు. భూమిగల తండ్రి ఎకరములు లెక్కించినట్లే ఇతడు అవిటితనమును లెక్కించుచున్నాడు. ఈ కథ చదివి నవ్విన పాఠకుడు, కొంతసేపటికి, తన యింట జరిగిన పెండ్లిమాటలను స్మరించి నవ్వు మానును. ప్రతీకార్థము అప్పుడు పుట్టును. అది గ్రుడ్డివానియందు లేదు. సంబంధములు చూచెడి లోకమంతటియందు నున్నది.

ఇక మేము ఎక్కువసేపు నిలువవలసిన కథ కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’. ఇది 1966లో వెలువడినది. దీని ముగింపును గూర్చి తెలుగువిమర్శలో దీర్ఘకాలము వాదోపవాదములు జరిగినవి. సుందరపాలెము అను ఊర పంచాయతీ కూడినది. అప్పల్రాముడు గోపన్నకు బాకీపడియున్నాడు. ఊరికి పెద్దయైన శ్రీరాములునాయుడు ధర్మము తప్పనివా డని పేరుపడినవాడు. వాదము సాగిసాగి, భూమి నమ్మి అప్పు తీర్చుటయే ధర్మమని తేలును. భూమి పోయిన యింట పిల్లలు పాలేరులగుదురు. ఈ ప్రాంతపు మాటలో కంబారులగుదురు. అప్పల్రాముని కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను తానే నఱకి ఆ సభ ముందు నిలుచును.

పరీక్షాపత్రములలో దీనికి స్థిరపడిన వ్యాఖ్య ఇది: యజ్ఞము దోపిడికి ప్రతీక, బిడ్డ బలిపశువు. వినుటకు బాగున్నది. కాని యజ్ఞమున పశువొక్కటే యుండదు. యజమాను డుండును, ఋత్విజు లుండుదురు. బిడ్డ పశువైనచో చంపినవాడు యజ్ఞమును నడపువాడు కావలెను. అనగా సీతారాముడు ఆ సభాధర్మమునకు పురోహితుడై కూర్చుండును. కథలో అతడు ఆ ధర్మమును నిరాకరించిన ఒకే ఒక్కడు. ప్రతీకను ఇట్లు చదివినచో పాత్ర తలక్రిందులగుచున్నది. పాత్ర తలక్రిందులైనచోట ప్రతీకనే తిరిగి చూడవలెను గాని పాత్రను సరిపెట్టరాదు.

శ్రౌతకర్మమున పశువును చంపుటను చంపుట యనరు, ‘సంజ్ఞపనము’ అందురు. సమ్మతింపజేయుట యని దాని మాటయర్థము. శమిత యనువాడు ఊపిరాడకుండ జేసి ఆ పని నిర్వర్తించును. పశువు అఱవరాదు, ఋత్విజులు ఆ వైపు చూడరాదు. ఇది గుర్తునకు వచ్చినచో కథలోని పంచాయతీ వేఱువిధముగా కనబడును. అచ్చట ఎవ్వరును అప్పల్రాముని కొట్టలేదు, తిట్టలేదు. ఎంతో ఓర్పుతో, ఎంతో మర్యాదతో, ధర్మము పేర అతని నొప్పించిరి. తన భూమిని తానే వదలుకొనుట న్యాయమని ఆ ముసలివానిచేతనే అనిపించిరి. సంజ్ఞపనము జరిగినది అచ్చటనే. శీర్షిక చెప్పిన యజ్ఞము ఆ సమ్మతితోనే పూర్తియైనది. తరువాత సీతారాముడు చేసినది యజ్ఞము కాదు, యజ్ఞభంగము. నెత్తురు చిందరాని చోట నెత్తురు చిందించి, చూడరానిదానిని అందఱిచే చూపించెను.

ఇట్టి వ్యాఖ్య రచయిత మనస్సున నుండెనా యని అడుగువారు కలరు. మేము రచయిత మనస్సున ప్రవేశింపము. పాత్రల నడవడి ఈ వ్యాఖ్యకు అడ్డుపడుచున్నదా, లేదా యని మాత్రము చూచుచున్నాము. అడ్డుపడుట లేదు సరికదా, అంతవఱకు పొసగని రెండు విషయములు ఇందువలన పొసగుచున్నవి: పంచాయతీ వాదము కథలో అంత దీర్ఘముగా నుండుట యొకటి, నాయుడు మంచివాడై యుండుట యొకటి.

మొదటిదాని విషయము. ఈ కథ నిడివి యెక్కువయని, ఊరి పూర్వోత్తరములు, బడి, రోడ్డు, పంచాయతీ వివరములు తగ్గింపవచ్చునని కొందఱు తలంతురు. తగ్గించినచో సమ్మతి యెట్లు పుట్టినదో తెలియదు. ముసలివాడు ఒక్క దినమున ఒప్పుకొనలేదు. స్వాతంత్ర్యానంతరము ఊరికి వచ్చిన మేలు లన్నియు కలిసి అతని నొప్పించినవి. ఇంకొక సంగతి. ‘యజ్ఞము’ అను మాట ఆ కాలమున పురాణములలో మాత్రము ఉండినది కాదు. 1951లో తెలంగాణమునందలి పోచంపల్లిలో వినోబా భావే ప్రారంభించిన ఉద్యమము ‘భూదానయజ్ఞము’ అను పేరనే దేశమంతట నడచినది. ఉన్నవాడు తన మనసొప్పి భూమి నిచ్చుట దాని ఆదర్శము. ఆ మాట చెవులలో మ్రోగుచున్న సంవత్సరములలో, లేనివాడు తన మనసొప్పి భూమిని వదలుకొను కథకు అదే పేరు వచ్చినది. ఈ రెండు సమ్మతుల నడుమ నున్న దూరము ఎవరును చెప్పకయే పాఠకునికి తెలియును, ఆ కాలపు వార్తాపత్రికల భాష అతనికి తెలిసినచో. నేటి విద్యార్థికి తెలియదు. ఆ కొఱత తీర్చుట బోధకుని వంతు.

రెండవది శ్రీరాములునాయుని పాత్ర. భూస్వామ్యకపటమునకు ఇతడు ప్రతీక యని వ్రాయు విద్యార్థి కథను సగమే చదివినాడు. కపటి యైనచో అతని కపటము బయటపెట్టిన చాలును. అంత భయంకరమైన ముగింపుతో పని యేమి? నాయుడు తాను నమ్మినదానినే చెప్పుచున్నాడు. అతని ధర్మమున లోపము లేదు. ఆ ధర్మము ఎవరి అనుభవమునుండి పుట్టినదో అందే చిక్కున్నది. ఋణము తీర్చుట ధర్మ మనునది ఋణ మిచ్చువాని యింట పుట్టిన మాట. అది ఎంతటి నిర్మలచిత్తుని నోట వచ్చినను ముసలివాని నెత్తిపై ఒకే బరువుతో పడును. ‘వాయులీనం’ భర్తకును ఇతనికిని ఇచ్చట చుట్టఱికము కలదు: ఇద్దఱును మంచివారు, ఇద్దఱి లెక్కలును సరియైనవే.

పేళ్ళను చూడుడు. శ్రీరాములు, అప్పల్రాముడు, సీతారాముడు: ఒక్క కథలో ముగ్గురు రాములు. ఇది చూచి రామాయణప్రతీకను వెదకుటకు పరుగెత్తుట కన్న ముందు వ్యాకరణమును చూడవలెను. ‘డు’ మహద్వాచకమునకు ఏకవచనప్రత్యయము; ‘లు’ బహువచనము, గౌరవమున ఒక్కనికిని వచ్చును. ఒకే దేవుని పేరు నాయుని యింట ‘శ్రీ’తో మొదలై ‘లు’తో ముగిసినది, పేదవాని యింట ‘డు’తో ముగిసినది. గురజాడవారి కథలోని సేవకుడును రాముడే. పేరు పెట్టిననాడే మర్యాద పంపకమైనది. ‘అప్పల’ యనునది సింహాచలము అప్పన్న పేర ఈ ప్రాంతమున ఇంటింట పెట్టుకొను పేరు. దానిని విని ఊరు, కులము, కలిమిలేములు ఊహింపగల శ్రోత కిది ప్రతీక కాదు, సమాచారము. ఇంతవఱకు కథ మనకు తోడు వచ్చును. గోపన్న యను పేరు చూచి భద్రాచలరామదాసు అసలుపేరు గోపన్న యని, అతడును డబ్బు వ్యవహారమున చెఱ పాలైనవాడని స్మరించు చురుకైన విద్యార్థి యుండును. అతనిని మెచ్చుకొనవలెను, మెచ్చుకొని ఆపవలెను. కథలోని గోపన్న చేయు ఏ పనియు ఆ స్మరణము నాశ్రయించి నిలువదు. పాత్ర నడవడి బలపఱుపని ప్రతీక చతురోక్తి మాత్రమే.

బిడ్డను గూర్చి చెప్పుట కష్టము. బలిపశు వని, భవిష్యత్తునకు ప్రతీక యని, బానిసత్వపు సంకెల యని ఎన్ని విధములుగా వ్రాసినను ఆ వ్రాతలలో నొక పొరపాటు సమానముగా నున్నది: బిడ్డ ప్రతీక యైన మఱుక్షణము చావును ప్రతీకాత్మక మగును. చదువరికి నొప్పి పోవును. సీతారాముడు వీరుడుగా మాఱును. తరగతి నిట్టూర్చి తరువాతి పాఠమునకు పోవును. కథలో సీతారాముడు వీరుడు కాడు, తండ్రి. తండ్రి కన్నబిడ్డను నఱకుట ఏ తత్త్వముతోను శుభ్రపడని పని. ఆ పని తప్పా ఒప్పా యని విమర్శకులు వాదించుకొనుట కథ కోరుకొన్న ఫలమే కావచ్చును. కాని వాదమునకు ముందు బిడ్డ బిడ్డగా చావవలెను. కావున ఈ కథ చెప్పునపుడు మిగిలిన వస్తువు లన్నిటికిని అర్థము వెదకుడని విద్యార్థులకు చెప్పుచు, ఈ ఒక్కచోట వెదకవలదని మేము చెప్పుచున్నాము. ప్రతీకగా చదువుటకు ఒక హద్దు కలదని నేర్పుటకు ఇంతకన్న తగిన కథ మాకు తెలియదు.

రామారావుగారి ఇతర కథలలో మఱియొక విశేషము కలదు. అందు ప్రతీక కాదగిన వస్తువు తఱచుగా లేని వస్తువు. ‘నో రూమ్’లో పేద దంపతులకు మఱుగైన చోటు లేదు. ‘చావు’లో శవమును కాల్చుటకు కట్టెలు లేవు. ‘జీవధార’లో గుడిసెల ఆడువారికి నీరు లేదు, ఉన్న నీరు గొప్పవారి గేటు లోపల నున్నది. లేనిదానిని వర్ణించుటకు అలంకారశాస్త్రమున వీలు తక్కువ. అందుకే కాబోలు మన విద్యార్థులు ఈ కథలలో ప్రతీకలు లేవని వ్రాయుచున్నారు. నీరు జీవమునకు ప్రతీక యని ‘జీవధార’కు వ్రాసినవా రున్నారు. నీళ్ళ బిందె మోసిన చేతికి ఆ వాక్యము నవ్వు తెప్పించును. ఆ కథలో నీరు దేనికిని ప్రతీక కాదు, గేటు కావచ్చును.

పాత్రచిత్రణమున భాష పాత్ర యెంత గొప్పదో వేఱుగా వ్రాయవలసిన విషయము. ఒక్క మాట మాత్రము చెప్పెదము. మన విద్యార్థులు కథాసారము వ్రాయునపుడు శ్రీకాకుళపు పలుకుబడిని శిష్టభాషలోనికి మార్చి వ్రాయుచున్నారు. సంబోధనలు మొదట రాలిపోవును: ఎవరు ఎవరిని ‘బాబూ’ అనిరి, ఎవరు ఎవరిని ‘ఓరి’ అనిరి అనునది సారములో మిగులదు. పంచాయతీలో ఎవరు కూర్చుండి మాటాడిరో, ఎవరు నిలుచుండి మాటాడిరో ఆ సంబోధనలే చెప్పుచుండెను. అవి పోయిన తరువాత పాత్రచిత్రణమునకు గుణముల పట్టిక తప్ప మఱేమియు మిగులకపోవుట సహజము.

పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయదగిన పని యెంతయో కలదు. 1997లో రామారావుగారు శ్రీకాకుళమున నెలకొల్పిన కథానిలయమున తెలుగుకథల సంపుటములు, పాతపత్రికలు ఒక్కచోట నున్నవి. ఎచ్చెర్లనుండి అది దగ్గఱదారి. ఉత్తరాంధ్ర కథలలోని పాత్రల పేళ్ళను ‘డు’తో ముగియునవి, ‘లు’తో ముగియునవి, ‘గాడు’తో ముగియునవి, ‘అమ్మ’ చేరినవి, ‘ఇ’తో తేలిపోవునవి అని వేఱుపఱచి, ఏ దశాబ్దమున ఏ పేరు ఏ వృత్తివానికి వచ్చినదో పట్టిక వేసినవారు మాకు కనబడలేదు. గోపాలరావు చెంతనున్న రాముడు మొదలుకొని ‘యజ్ఞం’లోని అప్పల్రాముని వఱకు గల అయిదున్నర దశాబ్దములు మొదటి గడియగా తీసికొనవచ్చును. ఆ పట్టికలో స్త్రీల పేళ్ళకు వేఱొక వరుస తప్పదు. వారిలో ఎందఱు కథ పొడవునను ఫలానివాని భార్యగా, ఫలానివాని తల్లిగా మాత్రమే నడచిపోయిరో ఆ వరుసలో ముందుగా లెక్కింపవలెను.